శ్రీరామజయం ప్రెజెంటండీ

అమావాస్యనాడు ఆకాశంలో చంద్రుడే ఉండడు కదా, మరి సముద్రానికి అంత పోటు ఎవరిని చూసి వస్తుంది?

ఈ సందేహం శివపార్వతమ్మ మనసులో ఏడో తరగతి నుంచీ ఉంది. ఇప్పుడావిడకి అరవై. మధ్యలో పెళ్లయింది, కొడుకు పుట్టాడు, వాడు పెద్దవాడై ఉద్యోగంలో చేరాడు, ఇంటికి కోడలొచ్చింది. సందేహం మాత్రం కదల్లేదు. పంటి సందున ఇరుక్కున్న జామగింజలా అక్కడే ఉండిపోయింది. మామూలు రోజుల్లో దాని ఊసే ఉండదు. కార్తీకమాసంలో తెనాలి నుంచి సూర్యలంక స్నానానికి వెళ్లి, నీళ్లలో నిలబడి దణ్ణం పెట్టుకునేటప్పుడు మాత్రం నాలుకకి తగులుతుంది. "పౌర్ణమికి పొంగావంటే అర్థముంది తల్లీ, చంద్రుణ్ణి చూసి పొంగావు. అమావాస్యకి ఎందుకూ?" అని సముద్రాన్నే అడిగేది. సముద్రం ఓ అల విసిరి, ఆవిడ కుచ్చిళ్లు తడిపి, వెనక్కి పోయేది.

ఆ ప్రశ్న మొదట అడిగింది రేపల్లెలో, గురునాథం మాస్టారిని. ఆయనప్పుడు కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్ర మాస్టారు. చంద్రుడి ఆకర్షణ వల్ల సముద్రానికి ఆటుపోట్లు వస్తాయనీ, పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఎక్కువనీ చెబుతుంటే, రెండు జడల శివపార్వతి లేచి నిలబడి అడిగేసింది. మాస్టారి మొహం వెలిగిపోయింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ఓ పెద్ద సున్నా, దాని పక్కన చిన్న సున్నా చుట్టారు. అంతలో బడి వదిలే గంట కొట్టారు.

"మంచి ప్రశ్న వేశావు శివపార్వతీ! రేపు చెబుతాను, గుర్తుచెయ్యి" అన్నారు మాస్టారు. పిల్లలంతా బిలబిలమంటూ బయటికి పరిగెత్తారు. కూర్చోమని మాస్టారు చెప్పలేదు గనక శివపార్వతి ఇంకాసేపు అలాగే నిలబడి, తర్వాత పుస్తకాల సంచి తీసుకుని ఇంటికి పోయింది.

ఆ రేపు రాలేదు. తెల్లారేసరికి గాలి మొదలైంది. అది ఉప్పెన వచ్చిన ఏడాది. వాళ్లింట్లో అందరి ప్రాణాలూ దక్కాయి, అంతవరకు దేవుడి దయ. ఇల్లు దక్కలేదు, గొడ్లు దక్కలేదు. తండ్రి అందరినీ తీసుకుని తెనాలిలో బావమరిది ఇంటికి చేరాడు. ఆడపిల్లకి ఇక చదువెందుకని ఎవరూ అనలేదు. అలాగని బడి మాట ఎత్తినవాళ్లూ లేరు.

మాస్టారిని తర్వాత చూడకపోలేదు. ఆవిడ పెళ్లికి వచ్చి అక్షింతలు వేశారు. రేపల్లెలో తమ్ముడింటికి వెళ్లినప్పుడల్లా స్టేషను దగ్గరో, కూరగాయల బజారులోనో కనిపించేవారు. "బాగున్నావామ్మా" అనేవారు. "మీ దయవల్ల బాగున్నామండి" అనేది. గురువుగారిని నడిబజార్లో ఆపి, నాకు జవాబు బాకీ ఉన్నారండీ అని ఎవరడగ్గలరు?

పోనీ కోడల్నడుగుదామా అంటే అదీ మొహమాటమే. కోడలు భాగ్యశ్రీ ఎమ్మెస్సీ చదివింది. బాపట్ల దగ్గర, సూర్యలంక రోడ్డులో ఉన్న హైస్కూల్లో సైన్సు టీచరు. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగి ఆటోలో వెళుతుంది. అంత చదువుకున్న పిల్ల దగ్గరకెళ్లి, ఏడో తరగతి ప్రశ్న పట్టుకుని అత్తగారు నిలబడితే నవ్వదూ? పైకి నవ్వకపోయినా, రాత్రి మొగుడికి చెప్పుకుని నవ్వుతుంది. శివపార్వతమ్మ భయం అది.

ఇలా ఉండగా తుపాను వచ్చింది. ఈసారి ముందుగానే తెలిసింది కాబట్టి ఊళ్లకి ఊళ్లు ఖాళీ చేయించారు. భాగ్యశ్రీ వాళ్ల బడిని పునరావాస కేంద్రం చేశారు. గాలి వెళ్లిపోయాక కూడా గదుల్లో నీళ్లు, వరండా నిండా బియ్యం బస్తాలు. బళ్లో భాగ్యశ్రీకి ప్రాణమైన పెద్ద తెర ఉంది. వేలితో తాకితే గుండె కొట్టుకోవడం దగ్గర్నుంచి గ్రహాలు తిరగడం దాకా అన్నీ చూపించే తెర. అది గోనె కప్పుకుని తాళం వేసిన గదిలో ఉండిపోయింది. చేతిలో మిగిలింది ఫోను. బడి బాగయ్యేవరకూ ఫోన్లోనే పాఠాలు చెప్పమన్నారు.

భాగ్యశ్రీ చేతులు ముడుచుకుని కూర్చునే పిల్ల కాదు. వంటింట్లో గిన్నెల స్టాండు తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టింది. దాని పై ఊచల మీద ఫోను వెల్లకిలా, వెనక కెమెరా కిందికి చూసేలా పడుకోబెట్టింది. కింద పీట, పీట మీద తెల్లకాగితం. తను గీసే ప్రతి గీతా అక్కడ పిల్లల ఫోన్లలో కనిపిస్తుంది.

"నా గిన్నెలన్నీ నేలపాలు చేసి ఏంటమ్మా ఈ పందిరి?" అంది శివపార్వతమ్మ.

"స్టూడియో అండి అత్తయ్యా. ముందు ఈ లింకు తెరుచుకుంటుందో లేదో మీ ఫోన్లో ఒకసారి నొక్కి చూడండి."

నొక్కింది. తెరుచుకుంది. "వచ్చిందమ్మా" అంది. భాగ్యశ్రీ "హమ్మయ్య" అనుకుని తన పనిలో పడింది. శివపార్వతమ్మకి దాన్ని మూయడం తెలియలేదు. చేతిలో ఫోను పట్టుకుని పెరట్లోకి వెళ్లేసరికి అందులోంచి కోడలి గొంతు వినిపిస్తోంది.

"ఒరే బాబీ, బంతి పైకి విసిరితే ఎందుకు కింద పడుతుందిరా?"

"నేను పట్టుకోలేదు గనకండి!"

పిల్లలు గొల్లున నవ్వారు. భాగ్యశ్రీ కూడా నవ్వి, ఆ జవాబులోంచే పాఠం మొదలుపెట్టింది. శివపార్వతమ్మ తులసికోట పక్కన కూర్చుండిపోయింది. లేచేసరికి ఆరేసిన బట్టలమీద ఎండ పోయి నీడ వచ్చింది.

మర్నాటి నుంచి అదొక నియమమైపోయింది. పూజ, వంట ముగించుకుని, కోడలు స్టాండు ముందు కూర్చోగానే తను పెరట్లో తులసికోట దగ్గర కూర్చుని అదే లింకు నొక్కేది. ఫోనంటే చెవి దగ్గర పెట్టుకునేదే అని ఆవిడకి తెలుసు. పెట్టుకుంది.

"టీచర్! ఎవరిదో చెవి కనపడుతుందండి!"

"చెవేంటమ్మా కావేరీ?"

"చెవేనండి. ఎర్రరాళ్ల దుద్దు కూడా ఉందండి."

భాగ్యశ్రీ కాగితం మీద బొమ్మ మధ్యలో ఉంది. అది ముగించి తలెత్తి చూసేలోపల శివపార్వతమ్మ కంగారుపడి తెర మీద దొరికిన బొమ్మలన్నీ నొక్కేసింది. చెవి మాయమైంది. దాని స్థానంలో ఆంజనేయస్వామి ఫొటో, కింద 'శ్రీరామజయం' అని పేరు మిగిలాయి. కొడుకు రాహుల్ ఫోను కొని పెట్టినప్పుడు "పేరేం పెట్టమంటావమ్మా" అంటే "దేవుడి పేరు పెట్టు నాయనా" అన్నదావిడే. ఆ సంగతి కోడలికి తెలియదు.

"శ్రీరామజయం ఎవరు?" అంది భాగ్యశ్రీ. "ఎవరండీ?" అంది ఈసారి గొంతు తగ్గించి.

ఆ సాయంత్రం కాఫీ దగ్గర భాగ్యశ్రీ మొహం చిన్నబోయి ఉంది.

"అత్తయ్యా, పైనుంచి ఎవరో నా క్లాసు చూస్తున్నారండి. మా హెడ్మాస్టరు హనుమంతరావు గారు ముందే అన్నారు, ఎవరైనా ఎప్పుడైనా వచ్చి చూడొచ్చు, జాగ్రత్తమ్మా అని. అసలు పేరు కూడా పెట్టుకోలేదు. శ్రీరామజయమంట."

శివపార్వతమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టింది. "ఆడమనిషా, మగమనిషా?"

"ఆడాఫీసరేనండి. దుద్దు ఉందంట, పిల్లలు చూశారు. ఎర్రరాళ్ల దుద్దులంటే పెద్ద హోదాలో ఉన్నావిడే అయ్యుంటారు."

శివపార్వతమ్మ కొంగు తలమీదుగా తీసుకుని చెవులు కప్పుకుంది. ఆవిడ భర్త వెంకట్రామయ్య మోటారు పంపుల కొట్టు కొడుకు వయసు కుర్రాళ్లకి అప్పజెప్పి ఇంటిపట్టున ఉంటున్న మనిషి. పేపరు కిందికి దించి భార్య వైపు ఓ చూపు చూశాడు.

"హోదా పెద్దదేనమ్మా" అన్నాడు కోడలితో. "నాకు బాగా తెలుసు."

మర్నాడు భాగ్యశ్రీ గంజిపెట్టిన చీర కట్టుకుని స్టాండు ముందు కూర్చుంది. కాగితం మీద పడేది చేయి ఒక్కటే అయినా సరే. గొంతు సవరించుకుని "విద్యార్థులారా! గురుత్వాకర్షణ బలమనగానేమి?" అని మొదలుపెట్టింది.

పిల్లలందరూ తెరలోకి తొంగి చూశారు.

"టీచర్, మీకు జ్వరమొచ్చిందాండి?" అంది కావేరి.

"లేదు. ప్రశ్నకు సమాధానము చెప్పుము."

కావేరి వాళ్లది సూర్యలంక దగ్గర చేపలవేట కుటుంబం. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తండ్రిది. ఆయన వేట లేని రోజుల్లో దాన్ని కూతురికిచ్చి, తనూ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటూ పాఠం వింటాడు. ఆవేళ ఆయన గొంతు కూడా వినిపించింది: "మీ టీచరమ్మ ఈరోజు రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతుందేంటే?"

తర్వాత ఒక్కొక్కరూ ఆవలించడం మొదలుపెట్టారు. బాబి ఫోనులోంచి ఏకంగా గురక వినపడింది, నిజమో కొంటెతనమో తెలియదు. తులసికోట దగ్గర శివపార్వతమ్మకి ప్రాణం ఉసూరుమంది. బంగారంలాంటి పాఠం, తను చాటుగా కూర్చున్న పాపానికి ఇలా చప్పబడిపోయింది. రేపటి నుంచి రానే రాకూడదు అనుకుంది. సరిగ్గా అప్పుడే భాగ్యశ్రీ చెప్పింది: "రేపటి పాఠ్యాంశము, సముద్రపు ఆటుపోట్లు."

ఆ సాయంత్రం దీపం పెట్టి చాలాసేపు దేవుడి ముందు కూర్చుంది. "స్వామీ, ఇంకొక్క రోజు. ఆ ఒక్క పాఠం వినేసి మానేస్తాను. దొంగచాటు పనికి నీ సాయం అడగడం తప్పో ఒప్పో నాకు తెలియదు. నువ్వే చూసుకో."

వెనకనుంచి వెంకట్రామయ్య అందుకున్నాడు. "కోడలికి చెప్పేయరాదూ?"

"నవ్వుతుందేమోనండి."

"నవ్వితే నవ్వనీవే. నీ మూలాన ఆ పిల్ల మాట మారిపోయింది. ఇందాక నన్ను 'మంచినీరు కావలెనా మామయ్యగారూ' అంది. నాకు దాహం చచ్చిపోయింది."

"రేపొక్కరోజు ఓపిక పట్టండి" అంది శివపార్వతమ్మ.

మర్నాడు ఆవిడకి ఏ పనీ తిన్నగా సాగలేదు. పూజలో రెండుసార్లు గంట వాయించింది. పప్పు కుక్కర్లో పెట్టడమే ఆలస్యమైంది. కోడలు పాఠం మొదలుపెట్టేసరికి కుక్కరింకా పొయ్యి మీదే ఉంది. దాని సంగతి మరిచిపోయి వెళ్లి తులసికోట దగ్గర కూర్చుంది. ఇప్పుడు ఫోను చెవి దగ్గర పెట్టుకోవడం లేదు, ఒళ్లో పెట్టుకుని చూస్తోంది.

భాగ్యశ్రీ కాగితం మీద వరసగా గడులు గీసింది. ఒక్కో గడిలో ఒక్కో తిథి చంద్రుడు. సన్న నెలవంక, సగం చంద్రుడు, నిండు చంద్రుడు, మళ్లీ తరిగిపోతూ సగం, వంక. ఆఖరి గడి కింద 'అమావాస్య' అని రాసి, లోపల ఏమీ గీయకుండా ఖాళీగా వదిలేసింది.

"పౌర్ణమి, అమావాస్య దినములలో పోటు అధికముగా నుండును. రాసుకోండి" అంది. అని కాగితం తిప్పేయబోయింది.

తిప్పేస్తే అయిపోతుంది. ఆ ఖాళీ గడి మళ్లీ రాదు. శివపార్వతమ్మ చెయ్యి దానంతటదే లేచింది, రెండో చేతి వేలు తెరమీద మైకు బొమ్మను నొక్కింది.

"మరి అమావాస్యనాడు..."

కుయ్య్య్‌మని వంటింట్లో కుక్కరు కూత పెట్టింది. ఆ కూత భాగ్యశ్రీ ఫోనులో దూరింది. శివపార్వతమ్మ ఫోనులోనూ దూరింది. రెండు ఫోన్లలోంచీ మళ్లీ బయటికొచ్చి, ఒకదాన్నొకటి తరుముకుంటూ పిల్లలందరి చెవుల్లోనూ మోగింది.

"టీచర్! శ్రీరామజయం గారింట్లో కూడా మీ ఇంట్లోలాగే విజిలొచ్చిందండి! ఒకేసారి!" అని అరిచింది కావేరి.

భాగ్యశ్రీ చేతిలో పెన్ను ఆగిపోయింది. కుక్కరు ఇంకో కూత వేసింది. మళ్లీ అదే తంతు.

"పప్పేనండి టీచర్, ఇద్దరిదీ పప్పే!" బాబి నిర్ధారించాడు.

భాగ్యశ్రీ లేచింది. వంటింట్లోకెళ్లి పొయ్యి కట్టేసింది. పెరటి తలుపు తీసింది. తులసికోట పక్కన, ఒళ్లో ఫోనూ, గాల్లో చెయ్యీ పెట్టుకుని, చెవులకి ఎర్రరాళ్ల దుద్దులతో ఆఫీసరుగారు కూర్చుని ఉన్నారు.

"అత్తయ్యా!"

ఆ కేక ఒళ్లో ఫోనులోంచి ఊరంతా తిరిగి "త్తయ్యా... య్యా" అని వెనక్కొచ్చింది. ఎప్పుడో రెండు జడల నాటి మాట శివపార్వతమ్మ నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ప్రెజెంటండీ."

భాగ్యశ్రీ అక్కడే మెట్టు మీద కూలబడి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. శివపార్వతమ్మ భయపడిన నవ్వు అది కాదు. ఆవిడ కూడా నవ్వడం మొదలుపెట్టింది.

"చీరకి గంజి పెట్టానండి మీకోసం!" అంది భాగ్యశ్రీ. "ఇంట్లో ఇస్త్రీ కూడా మీరే చేసిచ్చారు!"

"బాగానే మడత నిలిచిందమ్మా."

ఫోనులో పిల్లల గోల. "శ్రీరామజయం అంటే టీచర్ వాళ్ల అత్తగారంటరా!" "టీచర్, ఆవిడేదో అడగబోయారండి, అడగనివ్వండి!" కావేరి గొంతు అన్నిటికంటే పైన ఉంది. "నాయనమ్మగారూ, మీ డౌటేంటండి?"

శివపార్వతమ్మ కోడలి వైపు చూసింది. భాగ్యశ్రీ తలూపింది. అప్పుడు అడిగింది. ఏడో తరగతిలో ఏ మాటలతో అడిగిందో ఆ మాటలతోనే.

అటు నుంచి నవ్వేమీ రాలేదు. కావేరి మెల్లగా అంది: "అవునండి టీచర్. అమావాస్య వస్తుందంటే మా నాన్న పడవ ఇంకా పైకి లాగిస్తాడండి. చంద్రుడే లేకపోతే నీళ్లు ఎందుకొస్తాయండి?"

భాగ్యశ్రీ లోపలికి వెళ్లి కాగితం మీది ఖాళీ గడి చూసుకుంది. నాలుక కరుచుకుంది. "అయ్యో, ఇక్కడే తప్పు చేశాను. చూడండి పిల్లలూ, అసలు సంగతేంటంటే..."

"ఆగమ్మా!"

గుమ్మంలో శివపార్వతమ్మ. ఇన్నేళ్లూ ఎదురుచూసిన జవాబు కోడలి పెదవుల దాకా వచ్చింది. తీరా వచ్చాక ఆవిడకి ఇంకేదో గుర్తొచ్చింది.

"నువ్వు చెప్పకు. అది మా గురునాథం మాస్టారు చెప్పాలి."

నిలబడే ఆ పాత సంగతంతా చెప్పింది. గంట కొట్టడం, రేపు చెబుతాననడం, ఆ రేపు రాకపోవడం. "నువ్వు చెబితే నాకు జవాబొస్తుంది, ఆయన మాట మాత్రం అలాగే ఉండిపోతుంది. పెద్దాయన అయిపోయారు. ఇచ్చిన మాట ఆయన మీద మిగిలిపోకూడదమ్మా. నేనడక్కపోవడం వల్లేగా మిగిలింది."

"ఇన్నాళ్లూ ఆగి, ఇప్పుడు నోటి దగ్గరకొచ్చాక ఇంకా ఆగుతారా అత్తయ్యా?"

"ఆగడం నాకు అలవాటేగా."

"ఆ మాస్టారు ఇప్పుడెక్కడున్నారండి?" కావేరి అడిగింది.

"రేపల్లెలోనే ఉన్నారమ్మా."

"అంతేగా! లింకు పంపండి టీచర్!"

ఇంత చిన్న దారి ఇన్నేళ్లు ఎవరికీ తట్టలేదు. రేపల్లెలో తమ్ముడికి ఫోను చేస్తే మాస్టారి నంబరు దొరికింది. భాగ్యశ్రీ మాట్లాడింది. పెద్దాయన అంతా విన్నారట. తర్వాత "ఎన్నింటికమ్మా క్లాసు?" అని మాత్రం అడిగారట.

మర్నాడు శివపార్వతమ్మ తలంటుకుంది. జరీ అంచు చీర కట్టుకుంది. అక్షరాభ్యాసం రోజులాగా సరస్వతీదేవి పటం ముందు రెండు అరటిపళ్లు పెట్టింది. భాగ్యశ్రీ అత్తగారి ఫోనుని పోపుల డబ్బాకి ఆనించి నిలబెట్టి, ఎదురుగా పీట వేసింది. ఈసారి చెవి కాకుండా మొహం కనపడేలా. వెంకట్రామయ్య పేపరు చదువుతున్నట్టే చదువుతూ కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

తెర మీద కొత్త గడి తెరుచుకుంది. ముందు తిరుగుతున్న ఫ్యాను కనిపించింది. తర్వాత విభూతి రేఖలున్న నుదురు. ఆపైన గడ్డం, అది కదులుతోంది కానీ మాట వినపడటం లేదు.

"మాస్టారూ, మ్యూట్‌లో ఉన్నారండీ!" పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు.

ఉన్నట్టుండి ఓ ఆడగొంతు అందరిళ్లలోనూ వినిపించింది. "...ఆ బొమ్మ నొక్కమంటే ఈ బొమ్మ నొక్కుతారేంటండీ మీరు! లైటు మొహాన పడట్లేదు, ఇటు తిరగండి." ఆవిడ మాస్టారి భార్య కోటేశ్వరమ్మ. ఫోను పట్టుకునే ఉద్యోగం ఆవిడది.

"వినపడుతోందా?" అన్నారు మాస్టారు. మొహం ముడతలు పడింది కానీ గొంతు అదే. "శివపార్వతి వచ్చిందా?"

శివపార్వతమ్మ లేచి నిలబడింది. అందరి తెరల మీదా ఇప్పుడు జరీ అంచు కుచ్చిళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి.

"ప్రెజెంటండీ."

"నేను నీకు ఓ సంగతి చెప్పాలమ్మా. అడిగిందెవరో నేను మరిచిపోయాను. ప్రశ్న మరిచిపోలేదు. ఆ మరుసటి ఏడాది నుంచి రిటైరయ్యేదాకా, ఆటుపోట్ల పాఠం వచ్చిన ప్రతిసారీ ముందు ఆ ప్రశ్నే వేసేవాణ్ణి. 'ఒకమ్మాయి ఇలా అడిగింది, చెప్పండర్రా' అని. ఎంతమంది పిల్లలకి జవాబు చెప్పానో! అడిగిన పిల్లకి తప్ప అందరికీ చెప్పాను."

శివపార్వతమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. వెంకట్రామయ్య పేపరు మడిచి పక్కన పడేశాడు.

"సరే, పాఠం" అన్నారు మాస్టారు. ఒక చేతిలో బ్యాటరీ లైటు, బల్ల మీద బత్తాయి, రెండో చేతిలో నిమ్మకాయ.

"నిమ్మకాయ జాగ్రత్తండి, సాయంత్రం పులిహోరకి అదొక్కటే ఉంది" అంది కోటేశ్వరమ్మ గొంతు.

"లైటు సూర్యుడు. బత్తాయి మనం. నిమ్మకాయ చంద్రుడు. చంద్రుడికి సొంత వెలుగు లేదు. పౌర్ణమినాడు ఇదిగో, బత్తాయికి ఇటు సూర్యుడు, అటు చంద్రుడు. వెలుగు పడ్డ మొహమంతా మనకి కనపడుతుంది. నిండు చంద్రుడంటాం. ఇప్పుడు అమావాస్యనాడు చూడు." నిమ్మకాయని మెల్లగా తిప్పుకుంటూ తెచ్చి లైటుకీ బత్తాయికీ మధ్య ఆపారు. "ఎక్కడికి పోయాడు చంద్రుడు?"

"ఎక్కడికీ పోలేదండి!" అంది కావేరి. "మధ్యలో ఉన్నాడండి. వెలుగు ఆ పక్క పడిందండి."

"అదీ! మొహం సూర్యుడి వైపు, వీపు మన వైపు. పొద్దున సూర్యుడితోనే వస్తాడు, సాయంత్రం సూర్యుడితోనే పోతాడు. ఆ వెలుగులో మన కంటికి ఆనడు. ఆనకపోతే లేనట్టా శివపార్వతీ?"

శివపార్వతమ్మ దేవుడి పటం వైపు చూసింది. పొద్దున్నే లేచి దీపం వెలిగించి, కంటికి కనపడని స్వామిని ఉన్నాడనుకునే కదా తను దణ్ణం పెట్టుకునేది. అన్నీ ఆయనే నడిపిస్తున్నాడని నమ్మేది. చంద్రుడి దగ్గరకొచ్చేసరికి మాత్రం కనపడలేదు గనక లేడని ఎలా అనుకుంది? తనలో తనే నవ్వుకుంది.

"ఉన్నాడండి" అంది.

"ఉండి ఏం చేస్తున్నాడు? సూర్యుడు కూడా నీళ్లని లాగుతాడు, కాకపోతే దూరం గనక కాస్త తక్కువ. అమావాస్యనాడు ఇద్దరూ ఒకే పక్కన చేరి లాగుతారు. మీ నాన్నలు వల తాడుని ఇద్దరేసి కలిసి లాగినట్టు. అందుకే ఆ పోటు."

కావేరి ఫోనులోంచి ఆమె తండ్రి "ఓహో" అనడం అందరికీ వినిపించింది. ఇటు భాగ్యశ్రీ తన కాగితం మీది ఖాళీ గడిలో ఓ చంద్రుణ్ణి చుట్టి నల్లగా దిద్దింది.

"మాస్టారూ, నాదో డౌటండి" అంది కావేరి. "మరి పౌర్ణమికి ఇద్దరూ చెరోవైపు ఉంటారు కదండి. ఇటొకరూ అటొకరూ లాగితే ఒకరిది ఒకరు కొట్టేసుకోవాలి కదండి? మళ్లీ పోటెందుకండి?"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "మంచి ప్రశ్న వేశావమ్మా! అది రేపు..."

"రేపొద్దు మాస్టారూ!" శివపార్వతమ్మ కేక పెట్టింది. పిల్లలూ, భాగ్యశ్రీ, వెంకట్రామయ్య, ఆఖరికి కోటేశ్వరమ్మ కూడా "రేపొద్దండీ!" అన్నారు.

మాస్టారు పగలబడి నవ్వారు. ఫోను ఊగిపోయింది. "వద్దులే, వద్దులే. ఇప్పుడే చెబుతాను. ముగ్గురు పిల్లలు ఒకే చోట బయల్దేరి చంద్రుడి వైపు పరిగెత్తుతున్నారనుకోండి. చంద్రుడికి దగ్గరున్న నీళ్లు అందరికంటే జోరుగా, భూమి ఓ మాదిరిగా, అవతలి పక్క నీళ్లు నిదానంగా. కాసేపటికి ఎలా ఉంటారు?"

"ఒకడు ముందుకెళ్లిపోతాడు, ఒకడు వెనకబడిపోతాడండి" అన్నాడు బాబి.

"అంతే. భూమికి ముందు పక్కా నీళ్లు ఉబ్బుతాయి, వెనక పక్కా ఉబ్బుతాయి. లాగేది ఒక వైపే అయినా ఉబ్బు రెండు వైపులా. సూర్యుడు చేసేదీ ఇదే. ఇద్దరూ ఒకే వరసలో ఉంటే చాలు, ఒకే పక్కనున్నా ఎదురెదురుగా ఉన్నా ఉబ్బు మీద ఉబ్బు చేరుతుంది."

"అర్థమైందండి!" అంది కావేరి. "బాబికి కూడా అర్థమైందంటండి, ఈరోజు గురక పెట్టలేదు."

నవ్వులు సద్దుమణిగాయి. మాస్టారు నిమ్మకాయ భార్య చేతికిచ్చేసి, కళ్లద్దాలు తుడుచుకుని తెరలోకి తేరిపార చూశారు. అందులో ఇంకా జరీ అంచు కుచ్చిళ్లే ఉన్నాయి.

"కూర్చోవేంటే?" అని గుసగుసలాడాడు వెంకట్రామయ్య.

శివపార్వతమ్మ కూర్చోలేదు.

"ఆ రోజు గంట కొట్టగానే వెళ్లిపోయాను కదూ" అన్నారు మాస్టారు మెల్లగా. "నీ ప్రశ్నకి జవాబు చెప్పేశాను తల్లీ. ఇక కూర్చో."

"కూర్చుంటున్నానండి" అని, శివపార్వతమ్మ పీట మీద కూర్చుంది.